ఏ భారతంలోని కర్ణుడు?

2024 జూన్ 27న ‘కల్కి 2898 ఏడీ’ విడుదలైంది. సినిమా అంతా డబ్బు కోసం, సంపన్నుల నగరమైన కాంప్లెక్స్‌లో చోటు కోసం ఏ పనికైనా సిద్ధపడే భైరవగా తిరిగిన ప్రభాస్, చివర్లో కర్ణుడని తేలింది. గర్భవతి సుమతిని కాపాడేందుకు వేల ఏళ్లుగా కాచుకుని ఉన్న అశ్వత్థామ కూడా ఆ క్షణంలో నివ్వెరపోయాడు. అంతలోనే ఆ కర్ణుడు మళ్లీ పాత భైరవ అయిపోయి, సుమతిని పట్టుకుపోయాడు. అక్కడితో మొదటి భాగం ముగిసింది. అభిమానుల వాదన మాత్రం అక్కడే మొదలైంది.

కట్టంగూర్ నుంచి నకిరేకల్ దాకా హైవే పక్క టీకొట్ల దగ్గర నిలబడే కుర్రాళ్లకు ఇలాంటి వాదన కొత్తది కాదు. కర్ణుడు మంచోడా, చెడ్డోడా? కిందటి జన్మలో స్నేహం కోసం అధర్మం పక్కన నిలబడినవాడు ఈ జన్మలో ఎటు నిలబడతాడు? అర్జునుడి మీద పగ ఇంకా మిగిలే ఉందా? సినిమా జవాబు చెప్పకుండా వదిలేసింది కనుక ఎవరికి తోచిన కారణం వాళ్లు పూరిస్తున్నారు. పాలమూరు వైపు ఈ చర్చకు ఇంకొంచెం సొంతదనం ఉంది. దర్శకుడు నాగ్ అశ్విన్, అర్జునుడిగా కనిపించిన విజయ్ దేవరకొండ, ఇద్దరి కుటుంబాల మూలాలూ నాగర్‌కర్నూల్ జిల్లాలోనే ఉన్నాయి.

ఒకే వీరుడు వేరు వేరు లోకాల్లో వేరు వేరు బుద్ధులతో బతకడాన్ని అమెరికా కామిక్స్ 1961లోనే గట్టిగా పట్టుకున్నాయి. ఆ ఏడాది వచ్చిన ‘ఫ్లాష్’ కథలో ఇద్దరు ఫ్లాష్‌లు, రెండు భూగోళాలు కనిపిస్తాయి. 2003 నాటి ‘రెడ్ సన్’లో సూపర్‌మ్యాన్ వచ్చిన నౌక అమెరికాలో కాక సోవియట్ గడ్డ మీద దిగుతుంది. శక్తులు అవే. పెరిగిన నేల మారింది కనుక అతను కోరుకునేదీ మారింది.

తెలుగువాళ్లు ఇదే పనిని కర్ణుడితో ఎప్పటి నుంచో చేస్తున్నారు. 1977 జనవరి 14 సంక్రాంతి నాడు రెండు భారతాలు ఒకేసారి విడుదలయ్యాయి. ఎన్.టి.రామారావు స్వీయ దర్శకత్వంలో దాదాపు నాలుగు గంటలు నడిచే ‘దానవీరశూర కర్ణ’ ఒకటి. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో కృష్ణ అర్జునుడిగా నటించిన ‘కురుక్షేత్రం’ ఇంకొకటి. మొదటి దాంట్లో కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు ముగ్గురూ ఎన్టీఆరే. కొండవీటి వెంకటకవి సంభాషణలు కర్ణుడి గొంతును కులం పేరుతో అవమానం పడ్డ ప్రతి మనిషి గొంతుగా మార్చాయి. పల్లెల్లో ఆ మాటలు కంఠతా వచ్చినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ‘కురుక్షేత్రం’లో కర్ణుడు కృష్ణంరాజు. నలభై ఏడేళ్ల తర్వాత ‘కల్కి’లో కర్ణుడైన ప్రభాస్‌కు ఆయన స్వయానా పెదనాన్న.

తెలుగు మహాభారతంలోనైనా కర్ణుడు ఒక్క చేతి మీదుగా రాలేదు. జూదసభలో ద్రౌపదిని పరుష వాక్యాలన్న కర్ణుడు నన్నయవాడు. ఇంద్రుడికి కవచకుండలాలు కోసిచ్చిన కర్ణుడు ఎర్రనవాడు. కృష్ణుడు రాజ్యం ఇస్తానన్నా కదలని కర్ణుడు తిక్కనవాడు. అభిమానుల్లో ఒకరు మొదటి కర్ణుడిని, ఇంకొకరు మూడో కర్ణుడిని మనసులో పెట్టుకుని వాదిస్తే ఆ గొడవ ఎన్నటికి తెగుతుంది?

అసలు చిక్కంతా ద్రౌపదీ స్వయంవరంలో ఉంది. సూతుడి కొడుకును పెళ్లాడనని ద్రౌపది నిండు కొలువులో అన్నదని జనంలో ప్రచారమైన కథ. పుణెలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ ఎన్నో తాళపత్రాలను, రాతప్రతులను పోల్చి, 1966లో పూర్తిచేసిన సంశోధిత ప్రతిలో ఆ మాటకు మూలంలో చోటు దక్కలేదు. తర్వాతి కాలంలో చేరిందని పండితులు పక్కన పెట్టారు. ఒక్క ఘట్టం పోతే ఎంత మారుతుందో చూడండి. ద్రౌపది అవమానించి ఉంటే, జూదసభలో కర్ణుడి నోటి దురుసు ప్రతీకారం అవుతుంది, కొంతైనా అర్థం చేసుకోవచ్చు. అవమానించకపోయి ఉంటే, అది దిక్కులేని ఆడమనిషి మీద చూపిన క్రౌర్యం, అంతే. కర్ణుడిని వెనకేసుకొచ్చేవాళ్లు ఆ స్వయంవరం ఘట్టాన్ని ఎందుకంత గట్టిగా పట్టుకుంటారో దీన్నిబట్టి తెలుస్తుంది.

దానం సంగతీ అంతే. వచ్చేది ఇంద్రుడని సూర్యుడు కలలో ముందే హెచ్చరిస్తాడు. ప్రాణం కన్నా కీర్తే తనకు ముఖ్యమని కర్ణుడు జవాబిస్తాడు. ఆపైన కవచకుండలాలకు బదులుగా శక్తి ఆయుధాన్ని అడిగి తీసుకుంటాడు. ఇచ్చింది దయతోనా, పేరు కోసమా? ప్రశ్న అభిమానులు పుట్టించింది కాదు. వ్యాసుడే కథలో పెట్టాడు.

ఇక ఉద్యోగపర్వం. రాయబారం విఫలమై వెళ్తూ కృష్ణుడు కర్ణుడిని రథం మీద ఎక్కించుకుని జన్మరహస్యం చెబుతాడు. నువ్వే పెద్దవాడివి, రాజ్యం నీదే అంటాడు. కర్ణుడు ఒప్పుకోడు. పెంచిన అధిరథుడిని, పాలిచ్చిన రాధను వదలలేనంటాడు. తనను నమ్మే దుర్యోధనుడు యుద్ధానికి దిగాడంటాడు. ఈ సంగతి ధర్మరాజుకు తెలియనీయవద్దని కోరతాడు. తెలిస్తే ధర్మరాజు రాజ్యం తనకిచ్చేస్తాడు, తాను దాన్ని దుర్యోధనుడికి ఇచ్చేస్తాడు, అది జరగకూడదని అతని ఆలోచన. దుర్యోధనుడిని సంతోషపెట్టడానికి పాండవులను అన్న మాటలకు ఇప్పుడు బాధపడుతున్నానని కూడా ఒప్పుకుంటాడు. తన ఉద్దేశం ఏమిటో కర్ణుడు ఇంత విప్పి చెప్పిన చోటు మరొకటి లేదు. అభిమానుల వాదనల్లో అతి తక్కువగా వినిపించేదీ ఇదే.

ఉద్దేశం తెలియక జనం తల బద్దలుకొట్టుకున్న సందర్భం బాహుబలి. 2015 జూలై 10 నుంచి 2017 ఏప్రిల్ 28 దాకా బాహుబలిని కట్టప్ప ఎందుకు చంపాడన్నది దేశమంతటి ప్రశ్న అయింది. ద్రోహమని, బెదిరింపని ఎన్నో ఊహలు లేచాయి. తేలింది మాత్రం సింహాసనానికి కట్టుబడ్డ బానిస విధేయత. 2024 సంక్రాంతికి వచ్చిన ‘హను-మాన్’లో విలన్ మైకేల్ సూపర్‌హీరో కావాలన్న పిచ్చితో కన్నవాళ్లనే చంపుకుంటాడు, సూపర్‌హీరోలకు తల్లిదండ్రులు ఉండరని నమ్మి. మైకేల్ గురించి పెద్దగా వాదించడానికి లేదు. కర్ణుడి గురించి ఉంది. ఎన్ని భారతాలు మారినా అతను దుర్యోధనుడిని వదలడు. మారేది ఆ వదలకపోవడానికి కవులు, నటులు చెప్పే కారణమే.

అందుకే భైరవ రేపు ఎటు నిలుస్తాడని ఊహించేవాళ్లు అతని ఆయుధాల గురించి కాదు, అతను ఎవరి రుణం తీర్చుకోవాలనుకుంటాడని ఆలోచించాలి. రెండో భాగం వచ్చేలోపు తిక్కన ఉద్యోగపర్వంలో కృష్ణ కర్ణుల సంభాషణ ఒక్కసారి చదవండి. కవిత్రయ భారతాన్ని తిరుమల తిరుపతి దేవస్థానం తాత్పర్యంతో సహా అచ్చు వేసింది. పద్యం కష్టమనిపిస్తే తాత్పర్యం చదివినా చాలు.