వేసవి పనిలో విద్యార్థికి మార్గదర్శకుని తోడు

యాదగిరిగుట్ట పరిసర గ్రామములనుండి పట్టణములకు పోయి ఇంజనీరింగు చదువుచున్న యువతీయువకులు వేసవిలో ఇల్లు చేరుదురు. వారికి ఉపకరించు ఒక పథకమును గూర్చి పంచాయతీ సభ్యులకు తెలుపగోరుచున్నాము.

చెరువుకట్టకు గండిపడినచో ఊరెల్ల కూడి పూడ్చును. కంప్యూటరు ప్రోగ్రాములలోను అట్టి ఉమ్మడి ఆస్తులు కలవు. వాని మూలరచనను ఎవరైనను చదివి, సవరణలు సూచింపవచ్చును. వీనినే ఓపెన్ సోర్సు ప్రోగ్రాములందురు. ఈ పనిలో విద్యార్థులకు తర్ఫీదు కలిగించుటకై గూగుల్ సంస్థ 2005లో 'సమ్మర్ ఆఫ్ కోడ్' అను పథకమును ప్రారంభించెను. 2022 నుండి విద్యార్థులకే గాక, 18 ఏండ్లు నిండిన ఇతర కొత్తవారికిని ఇందు ప్రవేశము కలదు.

ఎంపికైనవారికి, ఆ ప్రోగ్రామును నిర్వహించు సంస్థ మార్గదర్శకుని నియమించును. అతడు పనిని తాను చేసిపెట్టడు. దారి చూపి, తప్పులు తెలిపి, నడుమ నొకమారు, తుద నొకమారు పరీక్షించును. పని తృప్తికరమైనచో గూగుల్ భత్యమిచ్చును. ఇంటనుండియే పని చేయవచ్చును. అయితే దూరముననున్న మార్గదర్శకునకు, విద్యార్థి అడిగినగాని చిక్కు తెలియదు. ఆంగ్లములో అడుగుటకు జంకి వారముల తరబడి మౌనము వహించినచో వేసవి చేజారును.

కావున సభ్యులు చేయదగినవి మూడు: దరఖాస్తుల గడువు సాధారణముగా మార్చి, ఏప్రిల్ మాసములందే ముగియునని ముందుగా తెలుపుట, రుసుము లేదనియు, ఎంపిక చేయింతుమని సొమ్మడుగువారిని నమ్మరాదనియు హెచ్చరించుట, సందేహమడుగుట చిన్నతనము కాదని పిల్లలకు ధైర్యము చెప్పుట.