బాస్కెట్‌బాల్‌లో రెండో మెట్టు



హిందూపురం నుంచి గాని, చిక్కబళ్ళాపురం నుంచి గాని బెంగళూరుకు రైల్లో వచ్చేవారికి యలహంక తెలిసిన స్టేషనే. ఆ రెండు దారులూ కలిసేది అక్కడే. 1984లో ప్రారంభమైన రైలు చక్రాల కర్మాగారం ఉన్నదీ అక్కడే. ఊరు దాటి బళ్ళారి రోడ్డు వెంట ఇంకొంచెం ముందుకు పోతే విద్యానగర్ వస్తుంది. కర్ణాటక ప్రభుత్వ యువజన, క్రీడా శాఖ వారి క్రీడా హాస్టలు అక్కడ ఉంది. ఎంపికైన పిల్లలు అక్కడ ఉండి చదువుకుంటూ ఆటలు నేర్చుకుంటారు. ఆ ఆటల్లో బాస్కెట్‌బాల్ ఒకటి.

ఇటువంటి హాస్టల్లో నాలుగైదేళ్ళు ఆడి, పద్దెనిమిదో ఏట బయటికి వచ్చిన కుర్రవాడు ఆ తర్వాత ఎక్కడ ఆడాలి? జాతీయ జట్టులో ఉండేది పన్నెండుమంది. మిగతావారి సంగతి ఏమిటి? ఈ ప్రశ్నకు కొన్ని దేశాలు చెప్పుకున్న జవాబే ద్వితీయ శ్రేణి లీగ్. అది ఎలా నడుస్తుందో ఈ పూట తెలుసుకుందాం.

లీగ్ అంటే నాలుగు రోజుల్లో ముగిసే టోర్నమెంటు వంటిది కాదు. జట్లన్నీ నెలల తరబడి ఒకరి ఊరికి ఒకరు వెళ్ళి ఆడతారు. ఆటగాళ్ళకు జీతం ఉంటుంది. స్పెయిన్ దేశాన్ని తీసుకోండి. అక్కడ పై శ్రేణి లీగ్‌లో పద్దెనిమిది జట్లు ఉన్నాయి. దాని కింద రెండో శ్రేణి ఉంది. దాన్ని చాలాకాలం లెబ్ ఓరో అనేవారు. 2024లో ప్రిమేరా ఫెబ్ అని పేరు మార్చారు. ఏటా పై శ్రేణిలో అడుగున మిగిలిన రెండు జట్లు కిందికి దిగిపోతాయి. కింది శ్రేణిలో ప్రథమ స్థానం పొందిన జట్టు నేరుగా పైకి వస్తుంది. మిగిలిన ఒక్క చోటు కోసం తర్వాతి స్థానాల్లోని జట్లు తమలో తాము పోటీపడతాయి. చదువులో పాసై పై తరగతికి వెళ్ళినట్టే అనుకోండి. తేడా ఏమిటంటే, ఇక్కడ పై తరగతివాడు కూడా సరిగా ఆడకపోతే కిందికి దిగవలసిందే.

ఈ పద్ధతి వల్ల చిన్న ఊళ్ళకు కూడా ఆశ ఉంటుంది. హిరోనా అనే పట్టణం ఉంది. జనాభా సుమారు లక్ష. మార్క్ గసోల్ అనే పేరుమోసిన ఆటగాడు యువకుడిగా ఉన్నప్పుడు ఆ ఊళ్ళో ఆడాడు. 2014లో అక్కడ ఒక క్లబ్బు స్థాపించాడు. 2019లో టొరంటో జట్టుతో అమెరికాలోని ఎన్‌బీఏ టైటిల్ గెలిచాడు. అంతటివాడు ఆ తర్వాత తిరిగి వచ్చి, రెండో శ్రేణిలో ఉన్న తన క్లబ్బు తరఫున తానే బరిలోకి దిగాడు. 2022లో ఆ జట్టు పై శ్రేణికి ఎక్కింది. రెండో శ్రేణి అంటే అక్కడ చిన్నతనంగా చూడరని దీన్నిబట్టి తెలుస్తుంది.

అమెరికా దారి వేరు. అక్కడ ఎన్‌బీఏకు కింద జీ లీగ్ ఉంది. 2001లో వేరే పేరుతో మొదలైంది. ఆ జట్లు పైకి ఎక్కవు. వాటిలోని ఆటగాడు ఎక్కుతాడు. పంజాబుకు చెందిన సత్నామ్ సింగ్‌ను 2015లో డాలస్ జట్టు ఎంపిక చేసుకుంది. ఎన్‌బీఏ ఎంపికలో నిలిచిన తొలి భారతీయుడు ఆయనే. అయితే ఆయన ఆడింది ఆ కింది లీగ్‌లోని టెక్సస్ లెజెండ్స్ తరఫున. అంజ్యోత్ సింగ్ కూడా తర్వాత ఆ లీగ్‌లో ఆడాడు.

ఇక మన సంగతి చూద్దాం. మన జాతీయ సీనియర్ పోటీల్లో జట్లను పై అంచె, కింది అంచె అని విడదీసి ఆడించే పద్ధతి ఉంది. కాని అది కొద్ది రోజుల ముచ్చట. జీతం మాట లేదు. 2015లో యూబీఏ అనే లీగ్ మొదలైంది. బెంగళూరు బీస్ట్, హైదరాబాద్ స్కై అందులో ఆడాయి. 2017తో అది ఆగిపోయింది. 2022లో భారత బాస్కెట్‌బాల్ సమాఖ్య ఆధ్వర్యాన ఐఎన్‌బీఎల్ వచ్చింది. ఆరు జట్లలో బెంగళూరు కింగ్స్ ఒకటి. 2025లో ఇరవై అయిదేళ్ళ లోపువారికి జరిపిన లీగ్‌లో హైదరాబాద్ ఫాల్కన్స్ ఉంది, బెంగళూరు పేరు లేదు. వీటిలో దేనికీ కింద రెండో మెట్టు కట్టలేదు.

మరి ఇన్నాళ్ళూ మన ఆటగాళ్ళను పోషించింది ఎవరు? ఉద్యోగాలు. రైల్వేలు, సైన్యం, బ్యాంకులు క్రీడాకారుల కోటాలో తీసుకుని జట్లు నడిపాయి. బెంగళూరులో విజయా బ్యాంకు జట్టుకు మంచి పేరుండేది. 2019 ఏప్రిల్‌లో ఆ బ్యాంకు బ్యాంక్ ఆఫ్ బరోడాలో విలీనమైంది. ఉద్యోగం వల్ల అన్నం దొరుకుతుంది, వయసు మళ్ళాక భద్రత కూడా ఉంటుంది. దాన్ని తక్కువ చేయకూడదు. అయితే ఆ ఉద్యోగాలు కొద్ది. పైగా సంస్థ విధానం మారితే ఆటగాడి దారి కూడా మారిపోతుంది.

జట్లు ఎక్కే పద్ధతి మన దేశంలో సాధ్యం కాదని అనడానికి లేదు. ఫుట్‌బాల్‌లో రెండో శ్రేణి అయిన ఐ లీగ్ గెలిచి 2023లో పంజాబు జట్టు, 2024లో కలకత్తా మహమ్మదన్ స్పోర్టింగ్ పై లీగ్‌కు వెళ్ళాయి. బాస్కెట్‌బాల్‌కు కావలసింది కూడా అదే. పై లీగ్‌కు డబ్బు పెట్టేవారు దాని కింద మరో మెట్టు కట్టాలి. అందులో అనంతపురానికో, కోలారుకో ఒక జట్టు ఉండే వీలుండాలి.

అంతవరకు తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసింది ఒకటుంది. పిల్లవాడు పొడవుగా ఉన్నాడు, బంతి బాగా వేస్తున్నాడు అంటే సంతోషించండి, ఆడనివ్వండి. చదువును మాత్రం ఆపనివ్వకండి. కోటా ఉద్యోగానికైనా విద్యార్హత అడుగుతారు. పోటీల్లో వచ్చిన సర్టిఫికెట్లు జాగ్రత్తగా దాచండి. రెండో మెట్టు లేని మేడ ఎక్కేవాడికి చేతికర్ర అవసరం కదా.