వేడి చేసిందని వదిలేయకండి!

‘ఏం లేదు, వేడి చేసింది. సబ్జా నీళ్లు తాగితే సరి!’

ఎండాకాలం వస్తే పాలమూరు, నల్లగొండ ఇళ్లల్లో తరచూ వినిపించే మాట ఇది. మూత్రం ముదురు పసుపు రంగులో వచ్చినా, ఘాటుగా వాసన వేసినా, మంట పుట్టినా... అన్నిటికీ వేడే కారణం! చాలాసార్లు అది నిజమే. ప్రతిసారీ కాదు.

నీళ్లు తగ్గితే...

ఎండ 45 డిగ్రీలకు చేరే రోజుల్లో ఒంట్లో నీరు చెమటగా ఎక్కువగా పోతుంది. దాంతో కిడ్నీలు ఉన్న నీటిని పొదుపు చేస్తాయి. మూత్రం చిక్కబడి ఘాటు వాసన వస్తుంది. మట్టిపనికి వెళ్లే ఆడవాళ్లు, మరుగుదొడ్డి సరిగా లేని బడిలో చదివే ఆడపిల్లలు ‘ఒంటేలుకు ఎక్కడికి పోవాలి?’ అని నీళ్లే మానేస్తారు. గంటలకొద్దీ ఆపుకుంటారు. ఇన్‌ఫెక్షన్‌కు దారి వేసేది ఇదే.

వెల్లుల్లి, కాఫీ, బి విటమిన్ మాత్రలు కూడా వాసన మారుస్తాయి. మెంతులు తింటే తియ్యటి వాసన రావచ్చు. ఇవి వాటంతటవే పోతాయి.

ఫ్లోరైడ్ వల్లనా?

కాదు. ఫ్లోరైడ్‌కు వాసన ఉండదు. అసలు చిక్కూ అదే. నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఎముకలకూ పళ్లకూ ముప్పే అయినా, పరీక్ష చేయిస్తే తప్ప తెలియదు. అందుకే నీళ్లు ఎక్కువ తాగాలని చేలో బోరు నీళ్లు తాగేయకండి. శుద్ధి చేసిన నల్లా నీళ్లే సీసాలో వెంట తీసుకెళ్లండి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

* ఒకటి రెండు రోజులు బాగా నీళ్లు తాగినా వాసన తగ్గకపోతే. (గుండె, కిడ్నీ జబ్బులున్నవారు ఎన్ని నీళ్లు తాగాలో డాక్టర్‌నే అడగాలి.)

* మంట, చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, రక్తం... వీటిలో ఏది కనిపించినా ఆగొద్దు. గర్భిణులైతే వాసన మారినా వెంటనే చూపించుకోవాలి.

* పండ్ల వాసనతో పాటు విపరీతమైన దాహం ఉంటే షుగర్ పరీక్ష చేయించాలి. వాంతులు, ఆయాసం కూడా ఉంటే అది అత్యవసరం.

* పసిబిడ్డ మూత్రం మాడిన చక్కెర వాసన వేస్తూ, పాలు తాగకుండా మత్తుగా ఉంటే క్షణం ఆలస్యం చేయొద్దు. అరుదైన పుట్టు జబ్బు కావచ్చు.

సబ్జా నీళ్లు, మజ్జిగ మంచివే. తాగండి. కానీ ఇన్‌ఫెక్షన్‌ను అవి తగ్గించలేవు. అది వేడో, జబ్బో తేల్చడానికి చాలాసార్లు ఓ చిన్న మూత్ర పరీక్ష చాలు. దానికి మొహమాటం ఎందుకు?