బ్రాడ్‌కాస్ట్: పొలమునుండి వచ్చిన మాట

రేడియోగల యింట తఱచు వినవచ్చు ఇంగ్లీషు మాటలలో ‘బ్రాడ్‌కాస్ట్’ ఒకటి. దీనికి మనము ‘ప్రసారము’ అని అర్థము చెప్పుకొందుము. కాని ఈ మాట రేడియోతో పుట్టినది కాదు. అంతకు సుమారు నూటయేబది సంవత్సరములకు పూర్వమే, పదునెనిమిదవ శతాబ్దిలో, ఇది ఇంగ్లండు వ్యవసాయమున వాడుకలో నున్నది.

ఇందు రెండు పదములు కలవు. ‘బ్రాడ్’ అనగా విశాలమైనది. ఇది ప్రాచీనాంగ్ల పదము. ‘కాస్ట్’ అనగా విసరుట. ఇది స్కాండినేవియానుండి వచ్చి ఇంగ్లండున స్థిరపడిన జనుల భాషలోని ‘కస్త’ అను క్రియనుండి వచ్చినది. గుప్పిట గింజలు పట్టి, చేయి విశాలముగ త్రిప్పుచు నేలయంతట చల్లుటయే ఈ రెండును కలసిన సమాసమునకు మొదటి యర్థము. జెత్రో టల్ 1701 ప్రాంతమున వరుసలుగ విత్తు యంత్రము నిర్మించెను. ఆ పద్ధతినుండి చేతితో చల్లు పద్ధతిని వేఱుచేసి చెప్పుటకు ఈ మాట పనికివచ్చినది.

మన రైతునకు ఈ భేదము క్రొత్తది కాదు. గొఱ్ఱు కట్టి, జడ్డిగమున గింజలు పోసి, చాళ్లుగ విత్తుట యొకటి. చేతితో చల్లుట మఱియొకటి. రెండవదానిని మనము ‘వెదజల్లుట’ అందుము. ‘వెద’ అనగా విత్తుట. పూవు పరిమళమును వెదజల్లుచున్నదని చెప్పునపుడును ఆ మాట వెనుక నున్నవి విత్తనములే. బ్రాడ్‌కాస్టునకు సరియైన జోడు మన పొలములోనే కలదు.

మఱి పొలములోని మాట గాలిలోని కెట్లు వచ్చినది? మొదటి దినములలో మార్కొనీ మున్నగువారు వైర్‌లెస్‌ను తంతికి మాఱుగా, ఒకచోటినుండి మఱియొక చోటికి, ముఖ్యముగా ఓడలకు, వార్తలంపుటకు వినియోగించిరి. తరంగములు అన్ని దిక్కులకు వ్యాపించుట నాడు లోపముగ తోచినది. ఒకరికి పంపిన వార్తను ఇతరులును వినగలరు కదా! 1920 నవంబరు 2వ తేదీన అమెరికాలోని పిట్స్‌బర్గ్‌నుండి కె.డి.కె.ఎ. కేంద్రము అధ్యక్షుని యెన్నిక ఫలితములను వినిపించినపుడు ఆ లోపమే గుణమైనది. ఎందఱు విన్న నంత మేలు. అట్టి పనికి వెదజల్లువాని మాటయే తగినది. 1922లో ఏర్పడిన బి.బి.సి. పేరులో అది నిలిచినది.

ఈ పదము నామవాచకముగను, క్రియగను, విశేషణముగను చెల్లును. భూతకాలమునను ‘బ్రాడ్‌కాస్ట్’ అనుటయే ప్రశస్తము, ‘బ్రాడ్‌కాస్టెడ్’ అరుదు. ‘టెలికాస్ట్’, 2004లో పుట్టిన ‘పాడ్‌కాస్ట్’ దీని సంతతియే. అయితే పాడ్‌కాస్టును శ్రోత తానే యెంచి తెచ్చుకొనును. చల్లుట యను భావము అందు సన్నగిల్లినది.

మన దేశమున 1935లో ఎం.వి. గోపాలస్వామి మైసూరున నెలకొల్పిన కేంద్రమునకు ‘ఆకాశవాణి’ యని పేరిడిరి. ఆలిండియా రేడియో 1957లో ఆ పేరు గైకొన్నది. పేరు రమ్యమైనదే. కాని పురాణములోని యాకాశవాణి కంసుని బిలిచి, కంసునకే చెప్పినది. బ్రాడ్‌కాస్ట్ అట్లు కాదు. మైకు ముందు మాటలాడువానికి తన మాట ఏ యింట పడునో, ఏ మనస్సున మొలచునో తెలియదు. చల్లిన గింజను మరల ఏరుకొనుటయు సాధ్యము కాదు. చల్లకముందు మంచి విత్తనము నెంచుకొనుట మాత్రమే అతని చేతిలోని పని.