ఓరుగల్లు గుట్టల మీద పడమటి పొద్దు

తెలుగు నేలకున్న సముద్రతీరమంతా తూర్పు ముఖంగానే ఉన్నందువల్ల, విశాఖపట్నంలోని కైలాసగిరి మీద నిలబడినవారికి సముద్రంలోంచి పైకి వచ్చే సూర్యుడు కనిపిస్తాడు గాని, అస్తమించే సూర్యుడు వెనకనున్న కొండల చాటుకో, నగరంలోని కట్టడాల చాటుకో వెళ్లిపోతాడు. నీటి మీద పొద్దుగూకడం చూడాలన్న కోరికతో తీరానికి బయలుదేరే యాత్రికులు ఈ చిన్న సంగతిని ముందుగా గమనించకపోవడం వల్లనే నిరాశపడుతుంటారు. సముద్రానికి ఎంతో దూరాన, దక్కన్ పీఠభూమి మీద సుమారు 270 మీటర్ల ఎత్తున ఉన్న వరంగల్‌లో ఆ కోరిక తీరే అవకాశమే ఎక్కువ. ఎక్కి చూడడానికి గ్రానైట్ గుట్టలూ, ఆకాశపు రంగులు పరుచుకోవడానికి కాకతీయుల కాలం నుంచి వస్తున్న చెరువులూ ఇక్కడ దగ్గరదగ్గరగా ఉన్నాయి.

చోటును ఎంచుకునే ముందు సూర్యుడు ఏ వైపున అస్తమిస్తాడో తెలుసుకోవాలి. పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే రోజులను విషువత్తులంటారు. మార్చి 20 ప్రాంతంలోనూ, సెప్టెంబరు 22 ప్రాంతంలోనూ వచ్చే ఆ రెండు రోజుల్లో మాత్రమే సూర్యుడు సరిగ్గా పడమట అస్తమిస్తాడు. సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్న వరంగల్‌లో జూన్ చివరి వారానికి ఆ బిందువు పడమర నుంచి దాదాపు 25 డిగ్రీలు ఉత్తరానికి, డిసెంబరు చివరి వారానికి అంతే దక్షిణానికి జరుగుతుంది. అంటే మే నెలలో కళ్లెదుట కనిపించిన అస్తమయం, అదే బండ మీద నిలబడినా, జనవరిలో పక్కనున్న గుట్ట వెనక్కి పోవచ్చు. ఎవరో తీసిన ఫొటోను నమ్ముకుని వెళ్లేవారు అది ఏ నెలలో తీసిందో కూడా అడిగి తెలుసుకోవడం మంచిది.

వేళ విషయంలోనూ ఒక విశేషముంది. ఏడాదిలో అతి చిన్న పగలు డిసెంబరు 21 ప్రాంతంలో వచ్చినా, వరంగల్‌లో అన్నిటికన్నా ముందుగా పొద్దుగూకేది నవంబరు చివరి వారంలో, సాయంత్రం 5 గంటల 34 నిమిషాల ప్రాంతంలో. ఆలస్యంగా గూకేది జూలై మొదటి వారంలో, 7 గంటలకు ఏడెనిమిది నిమిషాల ముందు. గడియారం చూడకుండా అంచనా కట్టాలంటే, చేతిని బారచాపి పిడికిలి బిగించి, దాని అడుగును దిగంతానికి ఆనించి చూడాలి. దిగంతమంటే నేలా ఆకాశమూ కలిసినట్టు కనిపించే గీత. పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు కాబట్టి, సూర్యుడు దాని పై అంచున ఉంటే అస్తమయానికి ఇంకా 40 నిమిషాలకు పైగా ఉన్నట్టు. పొద్దును బారలతోనూ జానలతోనూ కొలిచి చెప్పే అలవాటు తెలుగులో ఇప్పటికీ ఉన్నందున, ఈ పద్ధతి తెలుగువారికి కొత్తగా తోచదు. దిగంతాన ఒక గుట్ట పిడికిలెత్తు అడ్డుగా ఉంటే, అక్కడ అస్తమయం దాదాపు ముప్పావు గంట ముందే ముగిసిపోతుంది. అడవి కొండల నడుమ ఉన్న లక్నవరం చెరువు అందంలో దేనికీ తీసిపోకపోయినా, సూర్యబింబం దిగంతాన్ని తాకే క్షణం కోసం వెతికేవారికి తగిన చోటు కాకపోవడానికి కారణమిదే.

వరంగల్ కోటలో ఈ లెక్కలు రాతిలో కనిపిస్తాయి. ఓరుగల్లు అనే పేరుకే ‘ఒకే రాయి’ అని అర్థం; సంస్కృతంలో ఏకశిలానగరమన్నదీ కోటలోని ఆ ఒంటి బండ గుట్టను బట్టే. స్వయంభూ శివాలయపు శిథిలాలకు నాలుగు దిక్కులా నిలిచిన కీర్తితోరణాల్లో పడమటిదానికి ఎదురుగా, లోపలివైపున నిలబడితే, విషువత్తుల చుట్టుపక్కల రోజుల్లో దిగిపోతున్న పొద్దు ఆ తోరణం వైపుకే వాలుతూ కనిపిస్తుంది. శిల్పులు దీన్ని ఉద్దేశించే కట్టారని చెప్పడానికి వీల్లేదు. నాలుగు దిక్కులకు కట్టిన ఏ నిర్మాణంలోనైనా ఇది సహజంగా జరిగేదే. అయినా 1323లో శత్రువుల చేతికి చిక్కిన ఈ కాకతీయ రాజధానిలో ఆ ఆలయం కూలిపోయినా చెక్కుచెదరని తోరణాల మీద ఎర్రటి ఎండ పడే ఆ కాసేపు, నగరంలో మరే చోటా దొరకని దృశ్యం. ఇది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న స్థలం కాబట్టి, ద్వారం మూసే వేళను ముందుగా కనుక్కుని వెళ్లాలి.

హనుమకొండలోని పద్మాక్షి గుట్ట మీదికి ఎక్కితే వరంగల్, హనుమకొండ జంట నగరాలు కళ్లముందు పరుచుకుంటాయి. సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం వేలాది మహిళలు పూల బతుకమ్మలతో చేరేది ఈ గుట్ట కిందికే. ఆ పండుగ విషువత్తు దాటిన కొద్ది రోజులకు వస్తుంది గనుక, అప్పటి పొద్దు పడమరకు కాస్త ఎడమగా, 6 గంటల ప్రాంతంలో గూకుతుంది. అయితే నగరం నడుమ ఉన్న గుట్టలన్నిటికీ ఒకే చిక్కు: ఏటేటా పెరుగుతున్న మేడలు పడమటి దిగంతాన్ని కొరుక్కుంటూ వస్తున్నాయి. ఆ చిక్కు లేనిది నగరానికి పడమటి అంచున, కాజీపేట దాటిన తర్వాత మడికొండ దగ్గరున్న మెట్టుగుట్ట. రామలింగేశ్వరాలయమూ, పక్కపక్కన నిటారుగా నిలిచిన రెండు రాతి స్తంభాలూ ఉన్న ఈ గుట్ట మీద నగరమంతా వీపు వెనక ఉండిపోతుంది. అందుకే వరంగల్‌లో ఒక్క సాయంత్రమే గడిపే వీలున్నవారికి అన్నిటికన్నా ముందుగా చెప్పదగినది ఇదే.

నీటి మీద వెలుగు కావాలంటే చెరువుకు తూర్పు గట్టున నిలబడాలి. అప్పుడే సూర్యుడికీ చూసేవారికీ మధ్య నీరు ఉంటుంది. భద్రకాళి చెరువు కట్ట మీదైనా, గణపతిదేవుడి కాలపు పాకాల చెరువు దగ్గరైనా ఇదే సూత్రం. కట్ట వంకర తిరిగే చోట్ల నాలుగడుగులు అటూ ఇటూ నడిచి, పడమటి నీరు ఎక్కువగా కనిపించే చోటు వెతుక్కోవాలి. గాలి కదలనప్పుడు నీటిలో గుండ్రని బింబం కనిపిస్తుంది. సన్నటి గాలి వీచగానే ఒక్కొక్క అల ఒక్కొక్క అద్దమై, ఆ బింబం కట్ట దాకా సాగే వెలుగుబాటగా మారుతుంది.

రంగులకు కారణం గాలే. గాలిలోని అణువులు నీలికాంతిని ఎక్కువగా, ఎర్రకాంతిని తక్కువగా చెదరగొడతాయని బ్రిటిష్ శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1871లో వివరించాడు. ఇలా చెదరగొట్టడాన్నే పరిక్షేపణం అంటారు. దిగంతం దగ్గరి సూర్యకాంతి, నడినెత్తి నుంచి వచ్చే కాంతి కన్నా దాదాపు 40 రెట్లు ఎక్కువ గాలిని దాటి రావాలి గనుక, చివరికి మిగిలేది ఎరుపే. దుమ్ము ఎక్కువైతే ఎరుపూ పెరుగుతుందన్న నమ్మకం పూర్తిగా సరికాదు. ఏప్రిల్, మే నెలల్లో గాలిలో తేలే పెద్ద రేణువులు రంగులను వెలవెలబోయేలా చేస్తాయి. ఆ రోజుల్లో సూర్యుడు దిగంతాన్ని చేరకముందే మసకలో కరిగిపోతాడు. వాన గాలిని కడిగి వెళ్లాక, చెరువులు నిండి, ఎత్తున ఈకల్లాంటి పల్చటి మబ్బులు తేలే అక్టోబరు, నవంబరు సాయంత్రాలే ఇక్కడ శ్రేష్ఠమైనవి.

సూర్యబింబపు కింది అంచు దిగంతాన్ని తాకేసరికి, నిజానికి సూర్యుడు మొత్తంగా దాని కిందికి దిగిపోయి ఉంటాడు; గాలి కాంతిని వంచడం వల్ల, అంటే వక్రీభవనం వల్ల, బింబం ఇంకా పైనే ఉన్నట్టు కనిపిస్తుంది. బింబం మునగడానికి రెండు నిమిషాలకు పైగా పడుతుంది. అది మునగగానే చాలామంది దిగిపోతారు గాని, సంధ్య మరో 22 నిమిషాలు ఉంటుంది. ఎత్తున ఉన్న మబ్బులు బాగా ఎర్రబడేది ఆ వ్యవధిలోనే. చేతిలో టార్చి ఉన్నవారు ఆగి, ఒకసారి వెనక్కి తిరిగి తూర్పును చూడాలి. మెట్టుగుట్ట మీది నుంచి అటు హనుమకొండ పైన బూడిద కలిసిన నీలిరంగు పట్టీ ఒకటి, దాని మీద లేత గులాబీ అంచు కనిపిస్తాయి. ఆ నీలిపట్టీ ఆకాశం మీద పడుతున్న భూమి నీడ. సూర్యుడు పడమట ఎంత కిందికి పోతే అది అంత పైకి లేస్తుంది, పున్నమినాడైతే చంద్రుడు ఆ గులాబీ అంచు దగ్గరే పైకి వస్తాడు.