బైరాడ్స్ అంకె కేన్సర్ దశ కాదు

రొమ్ముకు తీసే మామోగ్రామ్ నివేదికలో ‘బైరాడ్స్-3’ అని కనబడగానే మూడో దశ కేన్సర్ అని కుంగిపోనక్కర్లేదు. అది వ్యాధి దశ కాదు. చిత్రాన్ని చూసిన రేడియాలజిస్టుకు కలిగిన అనుమానం ఎంతటిదో తెలిపే అంకె. ఒక్కొక్కరు ఒక్కో తీరుగా నివేదిక రాస్తే చికిత్స చేసే వైద్యుడు అయోమయంలో పడతారు. అందుకే అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 1993లో ఈ వర్గీకరణను ప్రకటించింది.

1, 2 వస్తే కేన్సర్ అనుమానం లేనట్టే. 3 అయితే ఆ అవకాశం 2 శాతానికి మించదు. అయినా ఆరు నెలలకు మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. 4, 5 వస్తే బయాప్సీ అవసరం. 5లో అవకాశం కనీసం 95 శాతం. బయాప్సీలో ఇప్పటికే నిర్ధారణ అయితే 6 వేస్తారు.

అసలు చిక్కు సున్నాతోనే. సున్నా అంటే ఏమీ లేదని కాదు, తీసిన చిత్రాలు నిర్ణయానికి చాలలేదని. మరికొన్ని చిత్రాలో, అల్ట్రాసౌండో, పాత ఫిల్ములతో పోలికో కావాలి. ఆ కాగితాన్ని బీరువాలో దాచకుండా వెంటనే వైద్యుని వద్దకు తిరిగి వెళ్లాలి.