సైకిల్ వెనక ఎర్ర బిళ్ళ

పిల్లలూ, మీ సైకిల్ సీటు కింద వెనక వైపు ఒక ఎర్ర ప్లాస్టిక్ బిళ్ళ ఉంటుంది, ఎప్పుడైనా చూశారా? కొత్త సైకిల్ కొన్న నెలకల్లా అది ఊడిపోతుంది. మనం దాన్ని వెతకం కూడా. బెల్లు పోతే గోల చేస్తాం గానీ ఆ బిళ్ళ పోతే ఎవరికీ పట్టదు. ఈసారి సావనీర్ కి వ్యాసం అడిగితే దాని గురించే రాయాలనిపించింది. అమ్మానాన్నలు కూడా చదవాలి. సైకిల్ తొక్కేది పిల్లలైనా, కారు నడిపేది మీరేగా!

నేను శుక్రవారం తెల్లవారుజామున సైకిల్ తొక్కే బాపతు. హెల్మెట్, కళ్ళద్దాలు, ముందూ వెనకా మిణుకుమిణుకుమనే లైట్లు. "గంగిరెద్దులా తయారయ్యారు" అంటుంది మా ఆవిడ. సఖీర్ లో ఫార్ములా వన్ ట్రాక్ మీద సైకిళ్ళకి అనుమతిచ్చే సాయంత్రాల్లో అక్కడా తొక్కాను. 2014 నుంచి అక్కడ రేసు రాత్రిపూట ఫ్లడ్ లైట్ల కింద జరుగుతోంది. ఆ వెలుగులో కింద పడ్డ సూదైనా కనిపిస్తుంది. బహ్రెయిన్ పేరుతో ఒక ప్రొఫెషనల్ సైక్లింగ్ టీమ్ కూడా 2017 నుంచి ఉంది. ఆ టీమ్ లోని ఇటలీ రైడర్ సోనీ కోల్బ్రెల్లి 2021లో పారిస్-రూబే రేసు గెలిచాడు. ఒళ్ళంతా బురదతో గెలిచాడు, ఆ వీడియో తప్పక చూడండి.

కానీ ఈ దేశంలో సైకిల్ తొక్కేవాళ్ళలో నాలాంటి సరదారాయుళ్ళు కొద్దిమందే. గ్యారేజీ నుంచి రూముకీ, రూము నుంచి కోల్డ్ స్టోర్ కీ రోజూ సైకిల్ మీదే తిరిగే మనవాళ్ళు ఎంతమందో. వాళ్ళ సైకిల్ కి లైటుండదు. బిళ్ళ ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది.

కొన్నేళ్ళ క్రితం డిసెంబరులో, సాయంత్రం ఏడు కావస్తుండగా సల్మాబాద్ వైపు ఒక లోపలి రోడ్డు మీద కారులో వస్తున్నాను. స్పీడు 60 ఉంటుంది. వీధి లైటు లేని చోట, నా లైట్ల వెలుగులో ఉన్నట్టుండి ఒక మనిషి ప్రత్యక్షమయ్యాడు, ఎదురుగా, నా వైపే వస్తూ! బ్రేకు మీద నిలబడ్డాను. అతను హ్యాండిల్ తిప్పేసి రోడ్డు దిగి ఇసుకలో పడ్డాడు. పడుతూ "అవ్వా!" అన్నాడు. ఆ ఒక్క మాటతో మనవాడని తెలిసిపోయింది.

దెబ్బలేమీ తగల్లేదు. ఖుబూస్ ప్యాకెట్టు, పెరుగు డబ్బా మాత్రం ఇసుక పాలయ్యాయి. నిజామాబాద్ వైపు కుర్రాడు, వచ్చి నెల కూడా కాలేదు.

"రాంగ్ సైడు వస్తున్నావేం తమ్ముడూ?" అన్నాను, భయంతో కాస్త గట్టిగానే.

"మనూర్ల ఎడమ దిక్కే గదా అన్నా పోతం" అన్నాడు.

ఏం చెప్పను? ఇక్కడ కుడి వైపు నడపాలని అతనికి ఎవరూ చెప్పలేదు. మీరు ఆలోచించండి, రాంగ్ సైడు వచ్చేవాడికి వెనక ఎర్ర బిళ్ళ ఉన్నా ఏం లాభం? అది నాకు కనపడదుగా. ముందు తెల్ల బిళ్ళ ఉండాలి, అదీ లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక లెక్క వేశాను. ఇంజనీరు బుద్ధి ఎక్కడికి పోతుంది! 60 కి.మీ. వేగమంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. కన్ను చూసి, బుర్ర గ్రహించి, కాలు బ్రేకు మీదికి వెళ్ళడానికి ఒక సెకను అనుకుందాం, కారు 17 మీటర్లు వెళ్ళిపోతుంది. బ్రేకు వేశాక మంచి పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 20. మొత్తం 37 మీటర్లు. ముదురు రంగు బట్టల మనిషి డిమ్ లైట్లలో కనిపించేది సుమారు 30 మీటర్ల దూరం నుంచి. అంటే నేను ఎంత బాగా నడిపినా లెక్క ఏడు మీటర్లు తక్కువొస్తోంది! పైగా అతను నాకు ఎదురొస్తున్నాడు. ఆ రోజు అతన్ని కాపాడింది నా బ్రేకు కాదు, అతను ఇసుకలోకి తిప్పడమే. అదే 80లో ఉంటే ఆగడానికి 57 మీటర్లు కావాలి. వేగం కొంచెమే పెరిగింది కదా అనుకుంటాం, కానీ బ్రేకు దూరం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది.

ఆ బిళ్ళ ఉంటే మాత్రం వంద మీటర్ల అవతల నుంచే కనిపిస్తాడు. బ్యాటరీ లేదు, బల్బు లేదు. మరెలా?

కేరమ్ బోర్డు తీయండి. స్ట్రైకర్ ని మూలకి దగ్గరగా ఒక అంచుకి కొట్టండి. అది ఆ అంచుకి తగిలి, పక్క అంచుకి తగిలి వెనక్కి వస్తుంది. ఏ దిక్కు నుంచి వెళ్ళిందో ఆ దిక్కుకే, సమాంతరంగా వస్తుంది. మీరు కూర్చునే చోటు మార్చి కొట్టినా అంతే. అద్దం అలా చెయ్యదు. అద్దం మీద ఏటవాలుగా పడ్డ వెలుగు అవతలి పక్కకి పోతుంది. ఇప్పుడు రెండు అంచుల బదులు, గది మూలలో రెండు గోడలూ నేలా కలిసినట్టు మూడు తలాలు కలిసిన మూల ఊహించుకోండి. అందులో పడ్డ వెలుగు మూడు చోట్ల తగిలి, వచ్చిన దారినే వెనక్కి పోతుంది. మీ ఎర్ర బిళ్ళని దగ్గరగా చూస్తే లోపల తేనెపట్టులా గదులు కనిపిస్తాయి. ప్రతి గదీ అలాంటి ఒక మూల. కారు లైటు ఎక్కణ్ణుంచి వస్తే అక్కడికే తిప్పి పంపుతుంది.

ఇందులో ఒక తమాషా ఉంది. బిళ్ళ మరీ కచ్చితంగా పనిచేస్తే వెలుగంతా హెడ్ లైటుకే తిరిగిపోతుంది, కాస్త పైన ఉన్న డ్రైవరు కంటికి చేరదు. అందుకని కొంచెం చెదిరేలా కావాలనే చేస్తారు. కొంచెం లోపం ఉంటేనే పనికొచ్చే వస్తువన్నమాట.

మన ఊళ్ళలో దీన్ని "రేడియం" అంటారు, రేడియం స్టిక్కర్, రేడియం జాకెట్ అని. అందులో రేడియం చుక్క కూడా లేదు. పాతకాలంలో గడియారం ముళ్ళకి రేడియం కలిపిన రంగు పూసేవారు, అది తనంతట తనే చీకట్లో వెలిగేది, ప్రమాదకరం కూడా. ఈ స్టిక్కర్ తనంతట వెలగదు, ఇచ్చింది తిరిగి ఇస్తుంది, అంతే. పరీక్ష చేయాలంటే గదిలో దీపం ఆపి, టార్చి చెవి పక్కన పెట్టుకుని బిళ్ళ మీద వెయ్యండి. భగ్గుమంటుంది. అదే టార్చిని అన్నయ్యకి ఇచ్చి దూరంగా నిలబెట్టి వేయించండి. మీకు మామూలు ప్లాస్టిక్ ముక్కలాగే కనిపిస్తుంది.

రోడ్డు మధ్య గీతల దగ్గర మెరిసే పిల్లి కళ్ళదీ ఇలాంటి పనే. ఇంగ్లండులో పెర్సీ షా అనే ఆయన 1934లో వాటికి పేటెంటు తీసుకున్నాడు. ఇంకా పెద్ద ముచ్చట చెప్పనా? 1969లో అపోలో 11 వ్యోమగాములు ఇలాంటి మూలలే వంద అమర్చిన పలకని చంద్రుడి మీద పెట్టి వచ్చారు. భూమి నుంచి లేజర్ వేస్తే రెండున్నర సెకన్లలో తిరిగి వస్తుంది. చంద్రుడు ఏడాదికి 3.8 సెంటీమీటర్ల చొప్పున మనకి దూరమవుతున్నాడని తేల్చింది ఈ కొలతలతోనే. 2023లో మన శ్రీహరికోట నుంచి వెళ్ళిన చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండర్ మీద కూడా నాసా వాళ్ళది ఐదు సెంటీమీటర్ల బుల్లి బిళ్ళ ఒకటుంది. ఆ డిసెంబరులో చంద్రుడి చుట్టూ తిరిగే నాసా నౌక వంద కిలోమీటర్ల దూరం నుంచి లేజర్ వేసి దాన్ని పలకరించింది. జవాబు వచ్చింది. చంద్రుడి మీద పెట్టిన వస్తువుని మన సైకిల్ నుంచి పీకి పారేస్తున్నాం!

సరే, కుర్రాడి దగ్గరికి వద్దాం. అంత హడావిడిగా ఎందుకు తొక్కుతున్నాడో తెలుసా? ఇక్కడ ఏడంటే ఇండియాలో తొమ్మిదిన్నర. ఇంకాస్త ఆలస్యమైతే కూతురు నిద్రపోతుంది. రూముకి వెళ్ళి వీడియో కాల్ చెయ్యాలి. పూర్వం గల్ఫ్ వచ్చినవాళ్ళు ఉత్తరాలు రాసేవారు, క్యాసెట్లలో మాటలు రికార్డు చేసి పంపేవారు, ఫోన్ కార్డు గీకి నిమిషాలు లెక్కపెట్టి మాట్లాడేవారు. ఇప్పుడు పాప ముఖం అరచేతిలో కనిపిస్తుంది.

అదీ వెలుగు పనే. సముద్రం అడుగున వెంట్రుకంత సన్నని గాజు తీగలో వెలుగు, గోడలకి తగిలి లోపలికే తిరుగుతూ వేల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. 2008 జనవరి చివర అలెగ్జాండ్రియా దగ్గర కేబుళ్ళు తెగాయి. రెండు రోజులకే బహ్రెయిన్ ని కలిపే ఫాల్కన్ కేబుల్ దుబాయ్ దగ్గర తెగింది. ఓడ వదిలేసిన లంగరు వల్ల తెగిందని తర్వాత తేలింది. ఇండియాలోనూ గల్ఫ్ లోనూ ఇంటర్నెట్ రోజుల తరబడి నత్తనడక నడిచింది.

పాప నవ్వు ముక్కలు ముక్కలై, ఒక్కో ముక్క మీద చిరునామా రాసుకుని, ప్యాకెట్లుగా వెళుతుంది. దారిలో యంత్రాలు చిరునామా చూసి పంపేస్తాయి, బ్యాంకు లావాదేవీయా, సినిమాయా, పాప నవ్వా అని అడగవు. అడగకూడదు కూడా. దీనికి 2003లో టిమ్ వూ అనే ప్రొఫెసరు "నెట్ న్యూట్రాలిటీ" అని పేరు పెట్టాడు. ఇండియాలో 2015లో ఇదే పెద్ద గొడవ. కొన్ని సైట్లు ఉచితంగా ఇస్తాం, మిగతా వాటికి డబ్బు కట్టండి అన్నాయి కంపెనీలు. ఉచితమంటే ఎవరికి చేదు? కానీ ఏది ఉచితమో నిర్ణయించేది కంపెనీ. లక్షల మంది ట్రాయ్ కి ఈమెయిళ్ళు రాశారు, నేనూ ఒకటి రాశాను. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ అలా సైట్లని బట్టి వేర్వేరు ధరలు పెట్టడాన్ని నిషేధించింది. గల్ఫ్ లో ఇంటర్నెట్ కాల్స్ కే కొన్నిచోట్ల అడ్డుండేది. సౌదీలో 2017 సెప్టెంబరులో ఎత్తేశారు.

నా అభిప్రాయం అడిగితే, అంబులెన్సుకి దారి ఇవ్వాల్సిందే. ఇండియా 2018లో ఒప్పుకున్న నియమాల్లో కూడా కొన్ని ప్రత్యేక సేవలకి మినహాయింపు ఉంది. డబ్బున్నవాడికి అంబులెన్సు సైరన్ అమ్మడం మాత్రం తప్పు. రోడ్డు సంగతీ నేను అలాగే చూస్తాను. ల్యాండ్ క్రూజర్ కి ఎంత హక్కుందో, పెరుగు డబ్బా తగిలించుకున్న సైకిల్ కీ అంతే ఉంది. "వాళ్ళకి రూల్స్ తెలియవండీ" అని మన పార్టీల్లో అనుకుంటూ ఉంటాం. చెప్పామా మరి?

మర్నాడు ఆటో విడిభాగాల షాపులో ఒక రోల్ టేపు కొన్నాను. తెల్లది ముందుకి, ఎర్రది వెనక్కి, పసుపుది పెడళ్ళకి. పెడల్ మీది ముక్కలు పైకీ కిందకీ కదులుతుంటే అది సైకిలని డ్రైవరుకి వెంటనే తెలిసిపోతుంది. కుర్రాడి రూము వెతుక్కుంటూ వెళితే, అతని సైకిల్ తో పాటు ఇంకో పదకొండు బయటికొచ్చాయి. అందరికీ అంటించేసరికి రాత్రి తొమ్మిదైంది. కుడి వైపు నడపాలని నేల మీద సుద్దముక్కతో గీసి చూపించాను. ఒకాయన మూడేళ్ళుగా ఎడమ వైపే తొక్కుతున్నాడట!

ఇప్పుడు ఇంకో రోల్ కొన్నాను. క్లాసు అయ్యాక స్కూలు గేటు దగ్గర ఉంటాను, సైకిళ్ళు తీసుకురండి. అంటించే ముందు తడిగుడ్డతో దుమ్ము తుడిచి, ఆరనివ్వాలి. లేకపోతే మన ఎండకి వారంలో ఊడిపోతుంది. మీ బిల్డింగ్ వాచ్ మన్ కి సైకిల్ ఉంటే ఆయన్నీ అడగండి.